నెత్తురు ఆగనివాళ్లు చూపిన దారి

గుండెకు స్టెంట్ వేయించుకున్న మనిషి రోజూ అన్నం తిన్నాక వేసుకునే 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ మాత్ర వెనక 140 ఏళ్ల కథ ఉంది. ఆ కథలోకి గుండె రోగులు చాలా ఆలస్యంగా వచ్చారు. వాళ్లకంటే ముందు వచ్చినవాళ్లు రక్తం ఆగని మనుషులు. చిన్న దెబ్బకే ఒళ్లంతా ఊదా మచ్చలు తేలే కుర్రవాళ్లు, టాన్సిల్స్ తీయించుకున్నాక గొంతులోంచి రక్తం పడుతూనే ఉన్న రోగులు, ల్యుకేమియా వార్డులో ముక్కు నుంచి నెత్తురు కారి దిండ్లు తడిసిన పిల్లలు, అణుబాంబు పడిన ఊళ్లో ప్రాణాలతో బయటపడి వారాల తరవాత చిగుళ్లలోంచి రక్తం కారి చనిపోయినవాళ్లు. వీళ్లకు రక్తం ఎందుకు ఆగడం లేదో తెలిశాకే, ఆగకూడని చోట అది ఎందుకు ఆగుతోందో వైద్యులకు అంతుపట్టింది. రెండింటి వెనకా ఉన్నది ఒకే కణం, ప్లేట్‌లెట్.

డెంగీ జ్వరాల కాలం వస్తే తెలుగునాట ఈ మాట వినబడని ఇల్లుండదు. జ్వరం ఎంతుందని కాదు, ప్లేట్‌లెట్లు ఎన్ని ఉన్నాయని అడుగుతారు చుట్టాలు. ఆరోగ్యవంతుడికి ఒక మైక్రోలీటరు రక్తంలో 1.5 లక్షల నుంచి 4.5 లక్షల దాకా ఉంటాయి. ఒక్కొక్కటి 2, 3 మైక్రాన్ల వెడల్పు, ఎర్రకణంలో మూడో వంతు. లోపల కేంద్రకం ఉండదు. పుట్టిన వారం పది రోజుల్లో రాలిపోతుంది. రాలినవాటికి బదులుగా ఎముక మూలుగ రోజుకు సుమారు 10,000 కోట్ల ప్లేట్‌లెట్లను తయారు చేస్తూనే ఉండాలి.

ఇన్ని ఉండి కూడా అవి చాలాకాలం లెక్కలోకి రాలేదు. ఒంట్లోంచి బయటికి వచ్చిన రక్తంలో ప్లేట్‌లెట్ ఎక్కువసేపు తన ఆకారంలో నిలవదు. గాజు పలకను తాకగానే ఉబ్బి, కాళ్లు చాచి, పక్కవాటితో అతుక్కుని నిమిషాల్లో రేణువుల ముద్దగా మారిపోతుంది. ఆ ముద్దను చూసినవాళ్లు చితికిన తెల్లకణాల ముక్కలనో, గాజు మీది దుమ్మనో అనుకుని వదిలేశారు. 1842లో పారిస్‌లో ఆల్ఫ్రెడ్ డోనే ఈ చిన్న బిందువులను గమనించి, ఆహారం అరిగాక రక్తంలోకి చేరినవేమో అనుకున్నాడు. 1865లో జర్మనీలోని బాన్‌లో మాక్స్ షుల్జ్ శరీరపు వేడికి సమానంగా కాచిన పలక మీద తెల్లకణాల కదలికలు చూస్తూ ఈ రంగులేని గుళికలనూ, వాటి గుంపులనూ వర్ణించాడు. రక్తాన్ని లోతుగా చదివేవాళ్లు వీటి సంగతి తేల్చాలని రాసి తన పనిలో తాను పడ్డాడు. 1873లో లండన్‌లో విలియం ఆస్లర్ అనే 24 ఏళ్ల కెనడా కుర్రవాడు ఎలుక సన్నటి సిరలో ఇవి దేనికది విడిగా తిరుగుతుండడం చూశాడు. బయటికి తీసిన రక్తంలో మాత్రం గుంపుకట్టి ఉన్నాయి. అంటే గుంపు రక్తనాళంలో లేదు, బయటికొచ్చాకే తయారైంది. చాలా విలువైన పరిశీలన అది. అయినా అవి సూక్ష్మజీవులేమోనన్న సందేహం ఆయనను వదల్లేదు. 1874లో అచ్చయిన తన వ్యాసం శీర్షికలో వాటిని జీవులనే పిలిచాడు.

చిక్కుముడి విప్పినవాడు ట్యూరిన్‌లో ఉన్నాడు. జూలియో బిజ్జొజెరో 1846లో ఉత్తర ఇటలీలోని వరేజేలో పుట్టాడు. ఇరవయ్యో ఏటికే పావియాలో వైద్యపట్టా పుచ్చుకున్నాడు. అక్కడ ఆయన ప్రయోగశాలలో సూక్ష్మదర్శిని పని నేర్చుకున్నవాళ్లలో తనకన్నా మూడేళ్లు పెద్దవాడైన కమిల్లో గోల్జీ ఒకడు. నాడీకణాలకు రంగువేసే పద్ధతి కనిపెట్టి 1906లో నోబెల్ బహుమతి అందుకున్న గోల్జీయే ఆయన. ముప్పై ఏళ్లు నిండకముందే ట్యూరిన్‌లో ఆచార్యుడైన బిజ్జొజెరోకు ఒక సంగతి స్పష్టంగా తెలుసు. ఒంట్లోంచి తీసిన రక్తం అబద్ధం చెబుతుంది. అందుకని ప్రవహించే రక్తాన్నే చూడాలనుకున్నాడు.

మత్తిచ్చిన కుందేలు పొట్టనో, గినీపంది పొట్టనో తెరిచి, పేగులను పట్టి ఉంచే పల్చటి పొరను కటకం కింద పరిచాడు. ఆ పొరలో వెలుతురు దూరిపోయేంత సన్నటి రక్తనాళాలు ఉంటాయి. వాటిలో ఎర్రకణాలు, తెల్లకణాలు కాక మూడో రకం కణం కనబడింది. రంగు లేదు, పల్చటి బిళ్లలా ఉంది, ప్రవాహంలో విడివిడిగా కొట్టుకుపోతోంది. ఆ తరవాత నాళం గోడను ఒకచోట గాయపరిచి కన్నార్పకుండా చూశాడు. గాయమైన చోటికి మొదట వచ్చి అంటుకున్నవి ఈ బిళ్లలే. ఒకదాని మీద ఒకటి చేరి రేణువులతో నిండిన తెల్లటి గుట్టగా పెరిగాయి. తెల్లకణాలు ఆ గుట్టలో అక్కడక్కడా చిక్కుకున్నాయి. గడ్డను బిగించే ఫైబ్రిన్ దారాలు ఆ తరవాత వచ్చాయి. ఒక్కోసారి గుట్ట విరిగి ప్రవాహంలో కొట్టుకుపోయేది, ఖాళీ అయిన చోట మళ్లీ కొత్త గుట్ట లేచేది.

ఆ రోజుల్లో రక్తనాళాల్లో కనబడే తెల్లటి గడ్డను తెల్లకణాల కుప్ప అనే పెద్దలందరూ నమ్మేవాళ్లు. రక్తం గడ్డకట్టించే పదార్థం కూడా తెల్లకణాల నుంచే వస్తుందని చెప్పేవాళ్లు. బిజ్జొజెరో 1881 చివర్లో ట్యూరిన్ వైద్య అకాడమీకి తన ఫలితాలను చెప్పి, మరుసటి ఏడు జర్మనీలో రోగవిజ్ఞాన పండితుడు విర్ఖో నడిపే పత్రికలో సుదీర్ఘ వ్యాసం అచ్చువేయించాడు. గాయం దగ్గర రక్తం ఆగడానికీ, రక్తనాళంలో గడ్డ పుట్టి దారి మూసుకుపోవడానికీ ఒకే కణం కారణమని ఆ వ్యాసంలో ఉంది. గుండెపోటు అనే జబ్బును వైద్యులు బతికున్న మనిషిలో గుర్తుపట్టడం కూడా ఇంకా నేర్చుకోని కాలమది. ఆ తరంలో రక్తం గురించి వచ్చిన రచనలన్నిటిలో ఇది గొప్పదని చెప్పడానికి సందేహించనక్కర్లేదు.

పేరు మాత్రం వెంటనే రాలేదు. పారిస్‌లో జార్జ్ హేయెమ్ అప్పటికే వీటిని లెక్కపెట్టి, ఇవి ఎర్రకణాల పసితనమని, పెరిగి ఎర్రకణాలవుతాయని రాసి ఉన్నాడు. ముందు చూసింది తానేనని వాదనకు దిగాడు. ఆయన లెక్కింపు బాగానే ఉంది, సిద్ధాంతం తప్పు. ఆ తప్పు ఏళ్ల తరబడి పుస్తకాల్లో కొనసాగింది. బిజ్జొజెరోకు కంటిజబ్బు వచ్చి సూక్ష్మదర్శినిని వదిలేయాల్సి వచ్చింది. చివరి ఏళ్లు ప్రజారోగ్యం గురించి రాస్తూ గడిపి 1901లో న్యుమోనియాతో చనిపోయాడు.

ప్లేట్‌లెట్లు ఎక్కణ్నుంచి వస్తాయన్న ప్రశ్నకు 1906లో బోస్టన్‌లో జవాబు దొరికింది. మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రిలో జేమ్స్ హోమర్ రైట్ తాను తయారు చేసిన రంగుతో ఎముక మూలుగను చూశాడు. మూలుగలో మెగాకారియోసైట్లనే భారీ కణాలుంటాయి. వాటిలోని రేణువులకూ, రక్తంలోని ప్లేట్‌లెట్ల రేణువులకూ ఒకే రంగు పట్టింది. ఆ భారీ కణాలు తమ కొసలను రక్తనాళాల్లోకి చాచి ఉన్నాయి. ఆ కొసలు తెగి పడినవే ప్లేట్‌లెట్లని ఆయన తేల్చాడు. ల్యాబుల్లో రక్తపు చుక్కకు రంగువేయడానికి రైట్ పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది.

అదే ఊళ్లో, రైట్ దగ్గరే పనిచేసిన విలియం డ్యూక్ 1910లో ఒక సులువైన పరీక్ష పెట్టాడు. చెవి తమ్మెకు చిన్న గాటు పెట్టి, అర నిమిషానికోసారి అద్దుడు కాగితంతో రక్తాన్ని అద్దేవాడు. మామూలు మనిషికి ఒకటి నుంచి మూడు నిమిషాల్లో ఆగిపోతుంది. ఊదా మచ్చల జబ్బుతో వచ్చినవాళ్లకు ఎంతసేపైనా ఆగదు. విచిత్రమేమిటంటే, వాళ్ల రక్తాన్నే గాజు గొట్టంలో పోస్తే మామూలుగానే గడ్డకట్టింది. గొట్టంలో గడ్డకట్టడం వేరు, గాయం దగ్గర ఆగడం వేరు. రెండోదానికి ప్లేట్‌లెట్లు కావాలి. ఒక యువకుడికి మరొకరి రక్తం ఎక్కించి చూశాడు. ప్లేట్‌లెట్లు పెరిగాయి, రక్తం ఆగింది. కొద్ది రోజులకు అవి మళ్లీ పడిపోయాయి, రక్తం మళ్లీ మొదలైంది. వీటి ఆయుష్షు తక్కువని ఆనాడే తేలింది.

కొందరికి ప్లేట్‌లెట్లు పడిపోవడానికి కారణం తెలియడానికి ఇంకో నలభై ఏళ్లు పట్టింది. 1916లో ప్రేగ్‌లో పాల్ కజ్నెల్సన్ ఇంకా వైద్య విద్యార్థి. ప్లీహం వాటిని నాశనం చేస్తోందేమో తీసేసి చూడమని తన ఆచార్యుణ్ని ఒప్పించాడు. తీశారు. రోగి కోలుకుంది. అయినా తప్పు ప్లీహానిదా, మూలుగదా అన్న తగువు తెగలేదు. తెంపింది విలియం హారింగ్టన్. 1950లో సెయింట్ లూయిస్‌లో ఆయన ఈ జబ్బుతో ఉన్న రోగి నుంచి దాదాపు అర లీటరు రక్తం తీయించి తనకే ఎక్కించుకున్నాడు. మూడు గంటల్లో ఆయన ప్లేట్‌లెట్లు ప్రమాదకరంగా పడిపోయాయి. చర్మం మీద ఎర్ర చుక్కలు లేచాయి. మూర్ఛ వచ్చి పడిపోయాడు. కొన్ని రోజుల్లో తేరుకున్నాడు. రోగి రక్తంలో ఉన్న ఏదో పదార్థం ఎదుటివాడి ప్లేట్‌లెట్లను కూడా చంపుతోందని ఆ ప్రయోగం నిరూపించింది. అది సొంత కణాల మీదే తిరగబడే యాంటీబాడీ అని తరవాత తెలిసింది. ఈ రోజు ఏ నైతిక సంఘమూ ఇలాంటి ప్రయోగానికి ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. ఆ మనిషి తెగువకు మాత్రం చేతులెత్తి మొక్కాలి.

ఇక్కడ ఈ చరిత్ర భీమవరం మీదుగా వెళ్తుంది. 1895లో అక్కడ పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, 1923లో బోస్టన్ చేరిన యల్లాప్రగడ సుబ్బారావు ఈ కథకు రెండు వైపుల నుంచి తగులుతాడు. ఒకటి, ఆయన లెడర్లీ కంపెనీలో నడిపిన పరిశోధన నుంచి అమినాప్టెరిన్ అనే మందు వచ్చింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని ల్యుకేమియా పిల్లలకు ఇచ్చాడు. 1948 జూన్‌లో ప్రకటించిన ఫలితాల ప్రకారం 16 మందిలో 10 మందికి కొంతకాలం పాటు జబ్బు తగ్గుముఖం పట్టింది. ఆ జబ్బుకు అంతవరకు మందంటూ లేదు. అదే ఏడు ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశాడు.

మందులు వచ్చాయి, కొత్త కష్టమూ వచ్చింది. ల్యుకేమియా మూలుగను ఆక్రమిస్తుంది, మందు మూలుగను అణుస్తుంది. రెండిటి మధ్య ప్లేట్‌లెట్లు అడుగంటుతాయి. 1955లో అమెరికాలోని బెథెస్డాలో జాతీయ క్యాన్సర్ సంస్థకు వచ్చిన ఎమిల్ ఫ్రైరైక్‌కు అప్పగించిన వార్డులో పిల్లలు క్యాన్సర్ కన్నా ముందు రక్తస్రావంతో పోతున్నారు. రక్తంలో గడ్డకట్టనీయని పదార్థమేదో ఉందని పెద్దలన్నారు. ప్లేట్‌లెట్లు లేకపోవడమే కారణమని ఫ్రైరైక్ వాదించి, తన రక్తాన్నే తీసి పిల్లల రక్తంతో కలిపి చూపించాడు. నిల్వ రక్తంలో ప్లేట్‌లెట్లు మిగలవని, తాజాది కావాలని పట్టుబట్టాడు. 1962లో ఆయన బృందం లెక్కలు తీసి, సంఖ్య 20,000 దిగువకు పోతే పెద్ద రక్తస్రావాల ముప్పు బాగా పెరుగుతుందని రాసింది. కొడుక్కి ల్యుకేమియా వచ్చిన జార్జ్ జడ్సన్ అనే ఐబీఎం ఇంజనీర్ ఆ ఆస్పత్రికి వచ్చి, దాత రక్తంలోంచి కావలసిన కణాలను వేరుచేసి మిగిలినదాన్ని తిరిగి దాతకు పంపే యంత్రాన్ని ఫ్రైరైక్‌తో కలిసి తయారు చేశాడు. ఈనాడు బ్లడ్ బ్యాంకుల్లో ఎస్‌డీపీ అనే ఒకే దాత ప్లేట్‌లెట్ల సంచి ఆ వంశంలోని యంత్రాల నుంచే వస్తోంది. ఆ సంచిని ఫ్రిజ్‌లో పెట్టరు. 20 నుంచి 24 డిగ్రీల వేడిలో, మెల్లగా ఊపుతూ ఉంచి, ఐదు రోజుల్లో వాడేస్తారు. దాత కోసం రాత్రిపూట ఫోన్లు చేసే కుటుంబాల ఆత్రానికి ఈ తక్కువ గడువే కారణం.

సుబ్బారావు రెండో వైపు నుంచి తగిలేది ఇంకా ఆశ్చర్యం. 1929లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన కండరాల్లోంచి ఏటీపీ అనే పదార్థాన్ని వేరుచేశాడు. ప్రతి కణానికీ శక్తినిచ్చేది అదే. అదే కాలంలో జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా దాన్ని కనుక్కున్నాడు. ఏటీపీలోంచి ఒక ఫాస్ఫేట్ ఊడితే ఏడీపీ మిగులుతుంది. 1960లో ఓస్లోలో ఆర్విడ్ హెలెమ్, ఎర్రకణాల రసంలోని ఏదో పదార్థం ప్లేట్‌లెట్లను అంటుకునేలా చేస్తోందని గమనించాడు. మరుసటి ఏడు ఆ బృందం దాన్ని పట్టుకుంది. అది ఏడీపీ. గాయం దగ్గర అంటుకున్న ప్లేట్‌లెట్ తన సంచుల్లో దాచుకున్న ఏడీపీని వదులుతుంది. ఊళ్లో టముకు వేసినట్టు ఆ కబురు అందిన ప్లేట్‌లెట్లన్నీ అక్కడికి చేరతాయి.

ఆ గుంపుకట్టడాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టినవాడు గుస్తావ్ బోర్న్. భౌతికశాస్త్రవేత్త మాక్స్ బోర్న్ కొడుకు. హిట్లర్ రాగానే 1933లో కుటుంబం జర్మనీ వదిలింది. కొడుకు వైద్యం చదివి బ్రిటిష్ సైన్యంలో చేరాడు. యుద్ధం ముగిశాక హిరోషిమా ప్రాంతంలో పనిచేశాడు. బాంబు నుంచి బతికినవాళ్లు మూలుగ మాడి, ప్లేట్‌లెట్లు లేక, రక్తం ఓడుతూ ఉండడం చూశాడు. ఆ కణం మీద ధ్యాస అక్కడే పుట్టిందని తరవాత చెప్పుకున్నాడు. 1962లో లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్‌లో ఆయన పెట్టిన ప్రయోగం ఎంత తేలికైందంటే, బడి ల్యాబులో కూడా అర్థమవుతుంది. ప్లేట్‌లెట్లున్న ప్లాస్మా మబ్బుగా ఉంటుంది, వెలుతురు సరిగా దూరదు. దాన్ని కలియబెడుతూ ఏడీపీ చుక్క వేస్తే ప్లేట్‌లెట్లు గుంపులవుతాయి, ద్రవం తేటబడుతుంది, వెలుతురు దూసుకొస్తుంది. ఆ వెలుతురును గీతగా రాసుకుంటే ఏ మందు ప్లేట్‌లెట్లను ఎంత అడ్డుకుంటోందో నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఈ పరికరం రాకముందే ఒక ఊరి డాక్టరుకు సంగతి తెలిసింది. కాలిఫోర్నియాలోని గ్లెండేల్‌లో లారెన్స్ క్రేవెన్ టాన్సిల్స్ తీసిన రోగులకు నొప్పి తగ్గడానికి ఆస్పిరిన్ కలిపిన చూయింగ్ గమ్ ఇచ్చేవాడు. అతిగా నమిలినవాళ్లకే రక్తం ఎక్కువగా పడుతోందని పసిగట్టాడు. ఆస్పిరిన్ రక్తాన్ని ఆగనివ్వకపోతే, గుండె ధమనిలో గడ్డను కూడా ఆపుతుందేమో అన్నది ఆయన ఊహ. 1948 నుంచి నడివయసు మగవాళ్లకు రోజూ ఆస్పిరిన్ ఇచ్చాడు. 1950లో 400 మంది సంగతి, 1956లో 8,000 మంది సంగతి రాశాడు. ఒక్కరికీ గుండెపోటు రాలేదన్నాడు. మందు ఇవ్వనివాళ్లతో పోల్చలేదు, అచ్చయినవి చిన్న పత్రికలు. ఎవరూ పట్టించుకోలేదు. 1957లో ఆయన గుండెపోటుతోనే చనిపోయాడు. ఆయన పద్ధతిలో లోపం ఉంది, చూపులో లేదు. పెద్ద ఆస్పత్రుల వాళ్లు ఇరవై ఏళ్ల ముందే ఆ మాట విని సరిగా పరీక్షించి ఉంటే ఎన్ని ప్రాణాలు దక్కేవో.

వినకపోవడానికి ఇంకో కారణం ఉంది. గుండె ధమనిలో గడ్డ పడితే ఛాతీ నొప్పి వస్తుందని, మనిషి బతికి బట్టకట్టవచ్చని షికాగోలో జేమ్స్ హెరిక్ 1912లోనే రాశాడు. కానీ గడ్డ వల్ల గుండె కండరం చచ్చిపోతోందా, కండరం చచ్చాక గడ్డ పుడుతోందా అని శవపరీక్షల వాళ్లు దశాబ్దాలు తగువులాడారు. 1980లో అమెరికాలోని స్పొకేన్‌లో మార్కస్ డివుడ్ బృందం గుండెపోటు మొదలైన గంటల్లోనే ధమనుల్లోకి రంగు పంపి ఫొటోలు తీసింది. నాలుగు గంటల్లోపు వచ్చినవాళ్లలో 87 శాతం మందికి ధమని పూర్తిగా మూసుకుపోయి ఉంది. ఆలస్యంగా వచ్చినవాళ్లలో ఆ శాతం తగ్గింది, గడ్డ తనంతట తాను కరుగుతోంది కనక. దాంతో వాదం ముగిసింది.

ధమని గోడలో ఏళ్ల తరబడి పేరుకున్న కొవ్వు గడ్డ మీద పల్చటి పొర ఉంటుంది. అది చిట్లితే లోపలి కొల్లాజెన్ అనే ప్రోటీన్ బయటపడుతుంది. అక్కడ ప్లేట్‌లెట్‌కు కనబడేది కోసుకుపోయిన వేలిలాంటి గాయమే. గుండె ధమనికీ, కోసుకున్న వేలికీ తేడా దానికి తెలియదు. ధమనిలో రక్తం ఉరవడి ఎక్కువ. ఆ ఉరవడిలో వాన్ విల్లిబ్రాండ్ ప్రోటీన్ చుట్ట విప్పుకుని పొడవుగా సాగి, పరుగెత్తే ప్లేట్‌లెట్లను పట్టి ఆపుతుంది. ఈ ప్రోటీన్ సంగతి కూడా రక్తం ఆగనివాళ్ల నుంచే తెలిసింది. 1920ల్లో బాల్టిక్ సముద్రంలోని ఆలాండ్ దీవుల్లో ఒక కుటుంబంలో పిల్లలు వరసగా రక్తస్రావంతో పోతుంటే, ఫిన్లండ్ వైద్యుడు ఎరిక్ వాన్ విల్లిబ్రాండ్ పరిశీలించాడు. ప్లేట్‌లెట్ల సంఖ్య బాగానే ఉంది, రక్తం మాత్రం ఆగడం లేదు. లోపించినది ఆ జిగురు ప్రోటీన్ అని తేలడానికి దశాబ్దాలు పట్టింది. సిరల్లో ప్రవాహం నెమ్మది, అక్కడి గడ్డలో ఫైబ్రిన్, ఎర్రకణాలు ఎక్కువ. కాలి సిరలో గడ్డకు హెపారిన్, వార్ఫరిన్ వంటి మందులు, గుండె ధమనికి ఆస్పిరిన్ వంటివి ఇవ్వడానికి ఈ తేడాయే ఆధారం.

1968 నాటికి న్యూయార్క్‌లో హార్వే వైస్, ఇంగ్లండ్‌లో జాన్ ఓబ్రయన్ బోర్న్ పద్ధతితో ఆస్పిరిన్ పని నిరూపించారు. మందు ఒంట్లోంచి పోయాక కూడా దాని ప్రభావం రోజుల తరబడి నిలిచింది. 1971లో, బోర్న్ పనిచేసే సంస్థలోనే, జాన్ వేన్ ఆస్పిరిన్ ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపుతుందని కనుక్కున్నాడు. 1975లో స్వీడన్‌లో బెంగ్ట్ శామ్యుయెల్సన్ బృందం తోటివాటిని గుంపుకట్టించడానికి ప్లేట్‌లెట్లు వదిలే థ్రాంబాక్సేన్‌ను పట్టుకుంది. 1982లో వీళ్లిద్దరూ సునె బెర్గ్‌స్ట్రోమ్‌తో కలిసి నోబెల్ పంచుకున్నారు. ఆస్పిరిన్ ఆ తయారీ ఎంజైమ్‌ను శాశ్వతంగా పాడుచేస్తుంది. కేంద్రకం లేని ప్లేట్‌లెట్ కొత్త ఎంజైమ్‌ను చేసుకోలేదు, చచ్చేదాకా అలాగే ఉంటుంది. రక్తనాళం గోడలోని కణాలకు కేంద్రకం ఉంది, అవి మళ్లీ చేసుకుంటాయి. అందుకే రోజుకు 75 మిల్లీగ్రాములు చాలు.

1974లో కార్డిఫ్‌లో పీటర్ ఎల్వుడ్, ఆర్చీ కాక్రేన్ 1,239 మంది మీద చేసిన పరీక్ష ఆశ చూపింది, తేల్చలేకపోయింది. తేల్చింది 1988లో వచ్చిన ఐసిస్-2 అనే పరీక్ష. ఇందులో 417 ఆస్పత్రులు, 17,187 మంది రోగులు. గుండెపోటు అనుమానంతో వచ్చినవాళ్లకు నెల రోజుల ఆస్పిరిన్‌తో గుండె, రక్తనాళాల మరణాలు 23 శాతం తగ్గాయి. గడ్డను కరిగించే స్ట్రెప్టోకైనేజ్ కూడా కలిపితే 42 శాతం. ఫలితాలను వయసు వారీగా, జబ్బు వారీగా చిన్న ముక్కలు చేసి చూపమని పత్రిక అడిగితే, పరిశోధకులు పుట్టిన రాశుల వారీగా కూడా చేసి చూపారు. మిథున, తులా రాశులవాళ్లకు ఆస్పిరిన్ పనిచేయలేదని వచ్చింది. లెక్కలను ముక్కలు చేస్తే ఎంత మోసపోతామో చెప్పడానికే అది పెట్టారు. వైద్య గణాంకాలు చదివే ప్రతి విద్యార్థీ తెలుసుకోవలసిన ఉదాహరణ అది.

స్టెంట్ల కాలంలో ప్లేట్‌లెట్ మళ్లీ ముందుకొచ్చింది. 1986లో తొలి స్టెంట్లు వేశారు. 1990ల్లో హైదరాబాద్‌లో హృద్రోగ నిపుణుడు సోమరాజు, క్షిపణి శాస్త్రవేత్త అబ్దుల్ కలాం కలిసి తక్కువ ధరకు కలాం-రాజు స్టెంట్ రూపొందించారు. దిగుమతి స్టెంట్ కొనలేని మనిషి కోసం చేసిన పని అది. కానీ ధమనిలో పెట్టిన లోహం మీద కూడా ప్లేట్‌లెట్లు చేరతాయి. తొలి రోజుల్లో వార్ఫరిన్ వంటి మందులతో ఆపబోతే రోగులు రక్తస్రావాలతో అల్లాడారు, స్టెంట్లు అయినా మూసుకుపోయేవి. 1996లో మ్యూనిక్‌లో 517 మంది మీద జరిగిన పరీక్షలో ఆస్పిరిన్‌తో టిక్లోపిడిన్ కలిపినవాళ్లకు గడ్డలూ తగ్గాయి, రక్తస్రావాలూ తగ్గాయి. టిక్లోపిడిన్, దాని తరవాత వచ్చిన క్లోపిడోగ్రెల్ చేసేది ఏడీపీ కబురు ప్లేట్‌లెట్‌కు అందకుండా తలుపు మూయడం.

ఇంకో మందు నేరుగా ఒక అరుదైన జబ్బులోంచి పుట్టింది. 1918లో స్విట్జర్లండ్‌లో పిల్లల వైద్యుడు ఎడ్వర్డ్ గ్లాంజ్‌మన్, ప్లేట్‌లెట్ల సంఖ్య సరిగానే ఉన్నా రక్తం ఆగని పిల్లలను వర్ణించాడు. తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపం వస్తేనే ఈ జబ్బు కనబడుతుంది కాబట్టి మేనరికాలున్న కుటుంబాల్లో ముప్పు ఎక్కువ. దక్షిణ భారతంలోనూ ఇలాంటి రోగులున్నారు. 1974లో పారిస్‌లో నర్డెన్, కాఎన్ ఈ రోగుల ప్లేట్‌లెట్ల మీద ఒక ప్రోటీన్ లేదని చూపారు. ప్లేట్‌లెట్లు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకునేది దానితోనే. అమెరికాలో బ్యారీ కోలర్ ఆ ప్రోటీన్‌ను కప్పేసే యాంటీబాడీని చుంచెలుకల్లో తయారు చేశాడు. 1994లో అది అబ్సిక్సిమాబ్ పేరుతో మందయింది. ఆ పిల్లలకు పుట్టుకతో ఉన్న లోపాన్ని గుండె రోగిలో కొద్ది గంటల పాటు కావాలని కలిగించడమే ఆ మందు పని.

రక్తం ఆగనివాళ్ల దగ్గర నేర్చుకున్న వైద్యం కాబట్టి రక్తస్రావం ఈ మందులన్నిటికీ తప్పని వెల. గుండెజబ్బు లేని 22,071 మంది మగ డాక్టర్లకు రోజు విడిచి రోజు ఆస్పిరిన్ ఇచ్చిన అమెరికా అధ్యయనంలో మొదటి గుండెపోట్లు 44 శాతం తగ్గాయని 1989లో ప్రకటించారు. దాంతో ఆరోగ్యంగా ఉన్నవాళ్లు కూడా ముందుజాగ్రత్తగా మాత్ర మింగడం మొదలుపెట్టారు. 2018లో ఆస్ట్రేలియా, అమెరికా దేశాల్లోని 19,114 మంది వృద్ధుల మీద ముగిసిన ఆస్ప్రీ పరీక్ష ఆ అలవాటును ప్రశ్నించింది. గుండెజబ్బు లేని వాళ్లకు రోజుకు 100 మిల్లీగ్రాములతో ఆయుష్షులో మేలు కనబడలేదు. పెద్ద రక్తస్రావాలు ఆస్పిరిన్ వేసుకోనివాళ్లలో 2.8 శాతం మందికి వస్తే, వేసుకున్నవాళ్లలో 3.8 శాతం మందికి వచ్చాయి. పక్కింటాయన వేసుకుంటున్నాడని డాక్టరును అడగకుండా ఎకోస్ప్రిన్ అనే ఆస్పిరిన్ మాత్ర కొనుక్కునే పెద్దవాళ్లు ఈ అంకెలు తప్పక తెలుసుకోవాలి.

అవతలి వైపు కూడా అంతే జాగ్రత్త అవసరం. డెంగీలో ప్రాణాపాయం ఎక్కువగా ప్లాస్మా రక్తనాళాల్లోంచి బయటికి కారడం వల్ల వస్తుంది. సింగపూర్, మలేషియా ఆస్పత్రుల్లో జరిగి 2017లో అచ్చయిన పరీక్షలో, రక్తస్రావం లేని డెంగీ రోగులకు సంఖ్య 20,000కు పడిందని ముందుగానే ప్లేట్‌లెట్లు ఎక్కిస్తే ఉపయోగం కనబడలేదు. ఎక్కించినవాళ్లకు దుష్ఫలితాలే ఎక్కువయ్యాయి. ఆస్పిరిన్ విషయంలో స్టెంట్ వేయించుకున్నవాళ్ల సంగతి వేరు. తొలి నెలల్లో మందు ఆపితే స్టెంట్‌లో గడ్డపడి ప్రాణం పోవచ్చు. పన్ను పీకించుకోవాల్సి వచ్చినా ఆస్పిరిన్ మానవద్దని, ఆ చోట గాజుగుడ్డ గట్టిగా కరిచి పట్టుకుంటే కాస్త ఆలస్యంగానైనా రక్తం ఆగుతుందని దంతవైద్యులు ఇప్పుడు చెబుతున్నారు.